బాణం వదిలాక

వేట సీజను ఇంకో వారంలో మొదలవుతుందనగా మా విల్లంబుల కొట్టుకి ఒక రకం మనుషులు వస్తారు. వాళ్లని చూడగానే నాకు ఒళ్లు మండుతుంది. ఏడాది పొడుగునా విల్లు మొహం చూడరు. సెప్టెంబరులో శనివారం సీజను మొదలైతే, ఆ ముందు సోమవారం దిగబడి, జింకని కొట్టేది ఒకటి ఇవ్వమంటారు, అక్కడికేదో తలుపు గొళ్లెం కొనుక్కుంటున్నట్టు. విల్లుతో వేట అంటే ఒక్క బాణంతో, దానికి నొప్పి తెలిసేలోపే ప్రాణం పోయేలా కొట్టడం. అది చేతకానివాడు ఇంట్లో కూర్చుని కోడిని వండుకోవాలి. ఈ మాట నేను చాలామందితో మొహం మీదే అన్నాను.

నా పద్ధతి ఒకటే. సీజను ముందు వారంలో కొత్తవాళ్లకి సలహాలు చెప్పను. వచ్చే ఏడు రమ్మంటాను, ఈలోపు మా పెరట్లో సాధన చేసుకోమంటాను, తలుపు చూపిస్తాను. మా ఆయన నార్బర్ట్ దీనికి పూర్తిగా ఎదురు. ఎవరికో ఒకరికి సలహా చెప్పకపోతే ఆయనకి తిన్నది అరగదు. నేను పొమ్మన్నవాణ్ని వాకిట్లో పట్టుకుని మరీ చెబుతాడు. నువ్వు పొమ్మంటే వాడు మానేస్తాడా, హైవే మీద పెద్ద కొట్టుకి పోయి కొనుక్కుని శనివారం పొద్దున్నే చెట్టెక్కుతాడు, రెండు ముక్కలు చెబితే ఒక జింకకైనా మేలు కదా అంటాడు. రెండు ముక్కలు తెలిసినవాడితోనే ప్రమాదం, ఏమీ తెలియనివాడు భయపడి దిగొస్తాడు అంటాను నేను. ఈ గొడవ మా పెళ్లయిన దగ్గర్నుంచీ ఉంది. పిల్లల పేర్ల మీద కూడా మేము ఇంత పోట్లాడుకోలేదు.

అలాంటి ఒక సోమవారం పాస్టరమ్మ వచ్చింది. పాస్టరుగారి భార్య కాదు, ఆవిడే పాస్టరు. పేరు కొరిన్ మేబ్రీ. షికాగోలో పుట్టి పెరిగిన మనిషి. మా కొండల మధ్య లూథరన్ చర్చికి ఏడాది ఒప్పందం మీద వచ్చింది. ఉంచుకోవాలా పంపించాలా అన్నది అక్టోబరులో చర్చి కమిటీ తేలుస్తుంది. ఆ కమిటీకి పెద్ద మా తమ్ముడు లైల్.

మా ఊళ్లో పాస్టరు నిలవడం కష్టం. సెప్టెంబరు నుంచి క్రిస్మసు దాకా మగవాళ్లు చర్చిలో కనబడరు, అందరూ అడవిలోనే ఉంటారు. ఆవిడకి ముందున్న ఇద్దరు పాస్టర్లూ ఆ సంగతి మీదే ప్రసంగాలు చేసి చేసి ఊరు వదిలారు. కొరిన్ ప్రసంగం చెయ్యలేదు. సీజను మొదలయ్యే శనివారం మీ వేట గుడిసెకి నేనూ వస్తానని లైల్‌తో అంది. లైల్ సరదాగా సరే అన్నాడు. ఆవిడ నిజంగానే వేసవిలో పరీక్ష రాసి వేట లైసెన్సు తెచ్చుకుంది. విల్లు మాత్రం ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

నేను ఎప్పటి పాటే పాడాను. ఆవిడ ఓపిగ్గా అంతా విని, గల్లా మీద మోచేతులు ఆనించింది.

"మొన్న ఈస్టరుకి మీరు చర్చికొచ్చారు ఆర్డిస్ గారూ. ఏడాదంతా బైబిలు తెరవకుండా వచ్చారు. నేను గుమ్మంలో ఆపి, వచ్చే ఏడు సిద్ధపడి రండి అన్నానా?"

నార్బర్ట్ నవ్వు ఆపుకోలేక బాణాల అలమార వెనక్కి పోయాడు.

"ఈస్టరు రోజు నేనెవరి ఒంట్లోనూ బాణం దింపలేదమ్మా."

"అందుకే కదా నేర్పమంటున్నాను," అంది. తర్వాత గొంతు తగ్గించి, నాకు ఈ ఊరు నచ్చింది, ఇక్కడే ఉండిపోవాలనుంది, మీ తమ్ముడు నన్ను ఇంకా చుట్టాన్ని చూసినట్టే చూస్తున్నాడు అని చెప్పింది. ఆ చెప్పడంలో దాపరికం లేదు, బతిమాలడమూ లేదు. నాకు ఆవిడ మీద అప్పుడే ఇష్టం కలిగింది, అది నా ఖర్మ.

నేర్పుతానని ఒప్పుకున్నాను గానీ, ఒప్పుకుంటూనే లోపల ఒక ఎత్తు వేసుకున్నాను. ఆవిడ నెత్తిన ఎన్ని 'వద్దు'లు పెడతానంటే, వాటన్నిటికీ సరిపోయే జింక దేవుడు పంపినా దొరకదు. మంచె మీద కూర్చుని, దోమలు కుట్టించుకుని, ఆకులు చూసి, దిగొచ్చేస్తుంది. లైల్ సంతోషిస్తాడు, జింక బతుకుతుంది, నా పద్ధతీ చెడదు. ఇంత తెలివి నాకెక్కడిదా అని నేనే మురిసిపోయాను.

సోమవారం సాయంత్రం పెరట్లో మొదలుపెట్టాం. స్పాంజి జింక బొమ్మ ఒకటి ఉంది మాకు, ఏళ్ల తరబడి దెబ్బలు తిని డొక్క దగ్గర గుంట పడింది. పాస్టరమ్మ మొదటి బాణం కంచె దాటింది. రెండోది నార్బర్ట్ తోపుడు బండి టైరులో దిగింది. ఆయన ఆ టైరు నాకు పెళ్లికి ముందు నుంచీ ఉంది అని కాసేపు బాధపడి, ఆవిడకి భుజం ఎలా వదులుగా పెట్టాలో చెప్పడంలో ఆ బాధ మర్చిపోయాడు. ఆవిడది పట్టుదల. వేళ్లు బొబ్బలెక్కినా రోజూ వచ్చింది. శుక్రవారానికి పదిహేను గజాల నుంచి బాణం తర్వాత బాణం ముందుకాలి వెనక, సరిగ్గా గుండె ఉండే చోట, గుత్తిలా దింపింది. ఇరవై గజాలకి జరిపితే మళ్లీ కంచే.

"పదిహేను దాటితే వద్దు," అని నేను మొదలుపెట్టాను. "పక్కకి తిరిగి నిలబడితేనే కొట్టాలి. నీ వైపు చూస్తుంటే వద్దు. నడుస్తుంటే వద్దు. మధ్యలో కొమ్మ అడ్డముంటే వద్దు, చిన్న రెమ్మయినా సరే. చేతులు వణికితే వద్దు. వెలుతురు తగ్గితే వద్దు. మనసులో ఏ కాస్త అనుమానమున్నా వద్దు."

"మోషే పది ఆజ్ఞలతో సరిపెట్టాడు," అంది ఆవిడ వేళ్లకి పట్టీలు చుట్టుకుంటూ.

"ఆయనకి నా అంత అనుభవం లేదు," అన్నాను. ఆవిడ పడీపడీ నవ్వింది. అంతా అచ్చంగా పాటిస్తానని మాటిచ్చింది.

శనివారం మధ్యాహ్నం ఆవిడ ఒక పెళ్లి జరిపించాలి. అది ముగించుకుని, నల్ల పాస్టరు చొక్కా మీదే వేట కోటు తొడుక్కుని గుడిసెకి వచ్చేసింది, మెడలో తెల్లపట్టీ తీసి జేబులో పెట్టుకుంది. గుడిసె మా తాత కట్టింది, మా పొలం వెనక కొండ మీద ఉంటుంది. అక్కడ లైల్, మా చిన్న తమ్ముడు డ్వేన్, నేను, నార్బర్ట్. పాస్టరమ్మకి వాగు పక్కన ఉన్న మంచె ఇచ్చారు. అక్కడ దోమలే తప్ప ఏమీ రావని అందరికీ తెలుసు. నేను ఏమీ అనలేదు.

పొద్దు వాలుతుండగా ఒక్కొక్కరం గుడిసెకి చేరాం. ఎవరికీ ఏమీ దొరకలేదు. పాస్టరమ్మ అందరికంటే ఆలస్యంగా, గడ్డి గింజలు అంటుకున్న జుట్టుతో, కళ్లు ఇంతింత చేసుకుని వచ్చింది. ఆడ జింక వచ్చిందట. పన్నెండు గజాల దూరం. పక్కకి తిరిగి నిలబడిందట. కొమ్మలు అడ్డం లేవు, వెలుతురు బాగుంది, చేతులు వణకలేదు. వద్దులన్నీ ఒకటికి రెండుసార్లు మనసులో చెప్పుకుని చూసుకుందట. ఒక్కటి కూడా మిగల్లేదు. వదిలిందట.

"తర్వాత?" అన్నాడు లైల్.

"వింటినారి చప్పుడుకి అది ఒక్క ఉదుటున ముందుకి దూకింది. పరిగెత్తి వెళ్లిపోయింది. బాణం నేలలో గుచ్చుకుని దొరికింది."

లైల్ రెండు చేతులూ పైకెత్తాడు. "మిస్సు," అన్నాడు, పండగొచ్చినంత సంబరంగా.

మా గుడిసెలో ఒక ఆనవాయితీ ఉంది. జింక మీద బాణం వేసి మిస్సయితే చొక్కా వెనక అంచు కత్తిరించి గోడకి కొడతారు, దాని మీద పేరూ సంవత్సరమూ రాస్తారు. ఆ గోడ నిండా ముక్కలే. మా తాతది ఉంది, నాన్నది ఉంది, నావి రెండున్నాయి. చొక్కా కోసిన తర్వాత ఆ మిస్సు గురించి ఎవరూ ఎత్తకూడదు. అందరూ ఒకసారి కడుపారా నవ్వుతారు, బ్రాందీ పోస్తారు, అక్కడితో సరి.

పాస్టరు చొక్కా కత్తిరించే భాగ్యం మా వంశంలో ఎవరికీ దక్కలేదని డ్వేన్ కత్తెర పదును పెట్టాడు. ఆవిడ వెనక్కి తిరిగి నిలబడి, నెమ్మదిగా నాయనా, ఇది చర్చి డబ్బుతో కొన్న చొక్కా అంది. ముక్క చేతికి రాగానే అరుపులతో గుడిసె పైకప్పు లేచిపోయింది. లైల్ దాన్ని తాత ముక్క పక్కనే కొట్టాడు. తర్వాత గ్లాసు ఎత్తి, నేను చిన్నప్పటి నుంచీ ఎన్నడూ వినని మెత్తటి గొంతుతో, "ఇంక ఓటేంటి పాస్టరమ్మా, నువ్వు మాదానివి," అన్నాడు. ఆవిడ మొహం చూడాలి. నవ్వుతూనే ఉంది, కళ్లలో నీళ్లు తిరుగుతూనే ఉన్నాయి. నా కళ్లలోనూ తిరిగాయి, బ్రాందీ వల్ల కాదు.

పొయ్యిలోకి కట్టెలు తెద్దామని వరండాలోకి వెళ్లాను. ఆవిడ విల్లు, బాణాలు అక్కడే ఆనించి ఉన్నాయి. పన్నెండు గజాలకి మిస్సయిందంటే ములుకు వంగిందేమోనని ఆ బాణం చేతిలోకి తీసుకున్నాను. ఈకల మీద పచ్చగా, గోధుమగా జిగురు పట్టి ఉంది. వాసన చూశాను. చూడకముందే తెలిసిపోయింది. జింక ముందుకి దూకడంతో గుండెకి పెట్టిన బాణం పొట్టలోంచి దూసుకుపోయింది. అది ఎక్కడో పొదలో ముడుచుకుని పడుకుని ఉంటుంది. చావడానికి దానికి ఈ రాత్రంతా పట్టొచ్చు.

నేనెంత మూర్ఖురాలినో అప్పుడు తెలిసొచ్చింది. బాణం వదలకుండా ఎలా ఉండాలో వంద రకాలుగా చెప్పాను. వదిలాక ఏం చెయ్యాలో ఒక్క ముక్క చెప్పలేదు. బాణం ఎలా చూడాలి, దాని మీద ఏముంటే ఎంతసేపు ఆగాలి, ఎలా వెతకాలి, ఏదీ చెప్పలేదు. ఆవిడ అసలు బాణమే వదలదని నా తెలివి నాకు చెప్పింది కాబట్టి.

నార్బర్ట్ నా వెనకే వచ్చాడు. బాణం చూసి ఆయనకీ అర్థమైంది. లోపల ఆవిడ డ్వేన్‌తో కలిసి ఏదో పాట అందుకుంది.

"ఇప్పుడు చెప్పకే," అన్నాడు. "పొట్టలో తగిలినదాన్ని ఇప్పుడు తరిమితే ఇంకా దూరం పోతుంది. ఎలాగూ తెల్లారేదాకా ఆగాల్సిందే. పొద్దున్నే మనిద్దరం వెళ్లి వెతుకుదాం. ఆవిణ్ని ఈ ఒక్క రోజు సంతోషంగా ఉండనీ."

చూడండి నా తలరాత. దారిన పోయేవాడికి కూడా సలహా చెప్పే మనిషి చెప్పొద్దంటున్నాడు. ఎవరికీ చెప్పను పొమ్మనే నాకు చెప్పక తప్పేలా లేదు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. మేమిద్దరం వెతికి, ఎవరికీ తెలియకుండా ఆ జింక సంగతి చూసుకోవచ్చు. ఆవిడ తొమ్మిదింటికి చర్చిలో ఆరాధన జరిపిస్తుంది, అక్టోబరులో ఓట్లన్నీ పడతాయి. కానీ అప్పుడు ఆవిడ వచ్చే ఏడు కూడా బాణం వదిలి, దాన్ని చూడకుండానే నవ్వుకుంటూ చొక్కా చూపిస్తుంది. మా గుడిసెలో వేటగాడంటే అంతే అనుకుంటుంది.

ఆవిణ్ని వరండాలోకి పిలిచి బాణం చేతికిచ్చాను. అది ఏమిటో చెప్పాను. నేను నేర్పనిది కూడా చెప్పాను. పాస్టరమ్మ చాలాసేపు ఆ ఈకల వైపే చూసింది. నన్ను తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. బాణం పట్టుకుని లోపలికి వెళ్లింది.

"మిస్సు కాదు," అంది అందరికీ వినిపించేలా. "పొట్టలో తగిలింది. అది ఇంకా బతికే ఉందట."

పాట ఆగిపోయింది. లైల్ గ్లాసు కింద పెట్టాడు. చొక్కా కోసేశాం కదా, ఆ సంగతి అక్కడితో అయిపోయింది, ఇక దాని గురించి మాట్లాడుకోం అని నెమ్మదిగానే చెప్పాడు. వాడిది చెడ్డ మనసు కాదు. ఆవిణ్ని కాపాడుతున్నాననే అనుకున్నాడు.

ఆవిడ గోడ వైపు తిరిగింది. "మరి ఇవన్నీ మిస్సులేనా?" అంది.

డ్వేన్ పొయ్యిలోకి చూశాడు. నేను నా రెండు ముక్కల వైపు చూశాను. అవి నిజంగా మిస్సులే, కానీ పక్కనున్న వాటి సంగతి నాకేం తెలుసు? లైల్ మొహం ఎర్రబడింది. "ఆ గోడ మీద మా నాన్న ఉన్నాడు పాస్టరమ్మా," అన్నాడు. మాదానివి అన్న గొంతు కాదది.

పొద్దున్నే నేను వెతకడానికి వెళ్తాను, దొరికేదాకా రాను, కమిటీ పెద్ద మీరే కాబట్టి ఆరాధన మీరే జరిపించండి అని ఆవిడ లైల్ చేతిలో ఆరాధన పుస్తకం పెట్టింది. లైల్ బిగుసుకుపోయి నిలబడ్డాడు. అక్టోబరు ఓటు ఏమవుతుందో గుడిసెలో అందరికీ తెలిసిపోయింది. ఆవిడకి అందరికంటే బాగా తెలుసు.

తెల్లవారగానే ఆవిడా నేనూ బయలుదేరాం. మంచు పట్టిన గడ్డిలో మొదట రెండు మూడు చోట్ల నెత్తురు చుక్కలు దొరికాయి. తర్వాత వాగు ఒడ్డున అది పడుకుని లేచిన గుర్తు దొరికింది. అక్కడి నుంచి ఇంకేమీ లేదు. ముళ్ల పొదల్లో మోకాళ్ల మీద పాకాం. నేను మాట్లాడకుండా ఉండలేక ఆకు వెనక చుక్క ఎలా చూడాలో చెబుతూ పోయాను. తొమ్మిదింటికి లోయలో చర్చి గంట మోగింది. ఆవిడ ఆగి, గంట మోగడం అయ్యేదాకా నిలబడి, మళ్లీ వంగింది.

ఇంకాసేపటికి కింద పొలం గట్టు మీద మనుషులు కనిపించారు. మొదట నాకు అర్థం కాలేదు. కోట్లు, టైలు, పూల గౌన్లు. చర్చి మొత్తం కొండెక్కి వస్తోంది. ముందు లైల్, ఆదివారం బూట్లు బురదలో ఈడ్చుకుంటూ. వెనకాల నార్బర్ట్ అందరికీ ఎడం ఎడంగా ఎలా నడవాలో, ఏం చూడాలో చెప్పుకుంటూ వస్తున్నాడు. చెప్పింది వినడానికి ఒక్కసారే అంతమంది దొరికారని ఆయన మొహం వెలిగిపోతోంది. అందరికంటే చివర ఆర్గాన్ వాయించే ముసలావిడ వెల్డా, చేతికర్రతో పొదల్ని పొడుచుకుంటూ.

ఏం జరిగిందో తర్వాత నార్బర్ట్ చెప్పాడు. లైల్ పుస్తకం తెరిచాడట. మా ఆరాధన పాపాలు ఒప్పుకోవడంతో మొదలవుతుంది. ఆ వాక్యం దగ్గరికి వచ్చి ఆగిపోయాడట. మళ్లీ మొదలుపెట్టాడట, మళ్లీ ఆగిపోయాడట. ఇక అది చదవలేక పుస్తకం మూసి, పాస్టరు ఎక్కడుందో ఎందుకుందో అందరికీ చెప్పి, పొలం బూట్లున్నవాళ్లు రండి అన్నాడట. అవి లేనివాళ్లు కూడా వచ్చారు.

జింకని కనిపెట్టింది వెల్డా. రెల్లు పొదలో, తల ముందుకాళ్ల మీద పెట్టుకుని ఉంది. చచ్చిపోయి ఉంది. చిన్న జింక, రెండేళ్లది కూడా కాదు. అందరూ చుట్టూ చేరి నిలబడ్డారు. పాస్టరమ్మ దాని పక్కన కూలబడి మెడ మీద చెయ్యి వేసి ఏడ్చింది, చర్చి అంతా చూస్తుండగా.

లైల్ టోపీ తీశాడు.

"తాత ముక్కకి ఎడమ పక్కనున్న గళ్ల చొక్కా నాదే," అన్నాడు, ఆవిడతోనా, జింకతోనా, తెలియలేదు. "అది కూడా మిస్సు కాదు. నేను పోయి వెతకలేదు."

అప్పుడు డ్వేన్ తనదీ అంతేనన్నాడు. తర్వాత ఎవరో ఇంకొకరు. పుస్తకం లేకుండానే ఆ రోజు ఆరాధన మొదలయింది. వెల్డా మాత్రం, ప్రసంగం కూడా ఇక్కడే అయితే నాకో రాయి చూడండి నాయనా, మోకాళ్లు పట్టేశాయి అంది. పాస్టరమ్మకి ఏడుపులోనే నవ్వొచ్చింది.

లైల్ తన నడుముకున్న కత్తి తీసి, పిడి ఆవిడ వైపు తిప్పి ఇచ్చాడు. జింకని కోసి శుభ్రం చెయ్యాల్సింది కొట్టినవాళ్లే. తర్వాత చుట్టూ ఉన్నవాళ్లకి, ఆ వాగు పక్క మంచె వచ్చే ఏడు కూడా పాస్టరమ్మదే, ఎవరూ ఎక్కకండి అని చెప్పాడు. నార్బర్ట్ ఏదో చెప్పబోయి, నా మొహం చూసి, మొట్టమొదటిసారి నాకోసం ఆగాడు.

పాస్టరమ్మ అంచు తెగిన చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, కత్తి పట్టుకుని నా వైపు చూసింది.

"మీరు చెప్పండి ఆర్డిస్ గారూ. ఇప్పుడు ఏం చెయ్యాలి?"

నేను ఆవిడ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చెప్పడం మొదలుపెట్టాను.